తిప్పి చెక్కిన రాయి

నాగలమడికలో ఉత్తర పినాకిని ఒడ్డున సుబ్రహ్మణ్యస్వామి నాగశిలగా గుడిలోనే పూజలందుకుంటున్నాడు. ఆ రాయిని ఎవరూ శిల్పఖండం అనరు, చోటు తప్పిన రాయికే ఆ పేరు. అయితే చోటు తప్పినా రాయి తన పూర్వస్థానాన్ని పూర్తిగా మరిచిపోదు. ఈజిప్టు ఆలయాల్లో ఎండ పడే బయటి గోడలపై బొమ్మను ఎక్కువగా రాతి లోపలికి దించి చెక్కేవారు, లోపలి గదుల్లో పైకి ఉబ్బేలా చెక్కేవారు. జానెడు ముక్క దొరికినా అది ఏ గోడదో చాలావరకు పోల్చవచ్చు.

బ్రిటిష్ మ్యూజియంలోని ఒక అమరావతి పలకకు ఒకవైపు బోధివృక్షం, కింద ఖాళీ ఆసనం, చుట్టూ భక్తులు ఉన్నారు. బుద్ధుడి రూపం మాత్రం లేదు. తరాలు గడిచాక దాన్నే తిప్పి, రెండోవైపు స్తూపాన్ని చెక్కారు. ఇది పాతదాన్ని చెరపడం కాదా? కాదనే నా అభిప్రాయం. ఈజిప్టులోని కర్నాక్‌లో ఫారో అఖెనాటెన్ కట్టించిన గుడి రాళ్లను తరువాతి రాజులు ద్వారగోపురాల్లో పూడికగా వేశారు. పగతో చేసిన ఆ పనే (విచిత్రం!) వాటిని కాపాడింది. లండన్ చేరకపోతే అమరావతి రాళ్లు సున్నమైపోయేవంటారు. కొంత నిజమే. 1798లో బ్రిటిష్ అధికారి మెకంజీ చూసిన అమరావతి స్తూపపు దిబ్బ, 1816లో ఆయన మళ్లీ వచ్చేసరికి నడుమ చెరువుగా తవ్వేసి ఉంది. కానీ 1845లో మరో బ్రిటిష్ అధికారి ఎలియట్ అక్కడ తవ్వి తీయించిన రాళ్లు మద్రాసులో ఏళ్లపాటు ఎండకూ వానకూ పడి ఉండి, 1859లో ఓడెక్కాయి. ఏ పలక పక్కన ఏది నిలిచిందో చెప్పే సరైన రికార్డు మాత్రం మిగల్లేదు.