ఫ్రీ ప్లగిన్ వెనక ఉన్న మనిషి: ఒక ఫ్రీలాన్సర్ ఓపెన్ సోర్స్ లెక్కలు

మీ దగ్గర ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే ఒక చిన్న పని చేయండి. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌లోకి వెళ్లి, లీగల్ ఇన్ఫర్మేషన్ కింద ఉండే లైసెన్సుల పేజీ తెరవండి. ఫోన్ కంపెనీని బట్టి పేరు కొంచెం అటూఇటూ ఉంటుంది. తెరిచాక కిందికి స్క్రోల్ చేస్తూ పోండి. వేలు నొప్పి పుడుతుంది కానీ లిస్టు అయిపోదు.

అవన్నీ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు. 1991లో మొదలైన లైనక్స్ కెర్నల్ దగ్గర్నుంచి, మన తెలుగు ఒత్తుల్ని స్క్రీన్ మీద సరైన చోట కూర్చోబెట్టే హార్ఫ్‌బజ్ దాకా. ఫోన్ రివ్యూల్లో కెమెరా గురించి, బ్యాటరీ గురించి మాట్లాడతాం కానీ ఈ లిస్టు జోలికి ఎవరూ వెళ్లరు. ఇందులో కొంత కోడ్ కంపెనీలు జీతాలిచ్చి రాయించింది. ఇంకొంత కోడ్ మాత్రం ఎవరో తమ పనయ్యాక రాత్రిపూట కూర్చుని రాసింది.

నేను ఆ రాత్రిపూట బ్యాచ్. గుంటూరు బ్రాడీపేటలో ఇంటి నుంచే పనిచేసే ఫ్రీలాన్స్ వెబ్ డెవలపర్‌ని. నా క్లయింట్లు ఒక ఫంక్షన్ హాలు, రెండు కోచింగ్ సెంటర్లు, ఒక మిర్చి కమీషన్ కొట్టు, ఇలాంటి వాళ్లు. వీళ్లందరి సైట్లూ వర్డ్‌ప్రెస్ మీదే నడుస్తాయి.

ఎంతిచ్చారు?

వర్డ్‌ప్రెస్ కూడా ఇలా పుట్టిందే. బీ2 అనే బ్లాగింగ్ సాఫ్ట్‌వేర్ పని ఆగిపోతే, దాన్ని వాడుకునే ఇద్దరు, మ్యాట్ మలెన్‌వెగ్, మైక్ లిటిల్ ఆ కోడ్ తీసుకుని 2003లో కొత్త పేరుతో ముందుకు నడిపారు. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎందుకంటే అది జీపీఎల్ లైసెన్స్. అంటే ఎవరైనా వాడుకోవచ్చు, లోపల చూడొచ్చు, మార్చుకోవచ్చు, మార్చింది పంచుకోవచ్చు. ఇప్పుడు ప్రపంచంలో ఉన్న వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దాని మీదే ఉన్నాయి.

నా మొదటి ప్యాచ్ రెండే రెండు లైన్లు. మూడు సార్లు వెనక్కొచ్చింది. మొదటిసారి స్పేసులు కాదు, ట్యాబ్ కొట్టమన్నారు. రెండోసారి బ్రాకెట్ లోపల ఖాళీ వదలమన్నారు. మూడోసారి, అసలు ఈ మార్పు ఎందుకో వివరంగా రాయమన్నారు. చెప్పినవాళ్లెవరో నాకు తెలీదు, నేనెవరో వాళ్లకి తెలీదు. ఒక్కరు కూడా విసుక్కోలేదు. ఆ వెర్షన్ రిలీజయ్యాక డ్యాష్‌బోర్డ్‌లోని క్రెడిట్స్ పేజీలో వందల పేర్ల మధ్య నా పేరు కనిపించింది. పరిగెత్తుకెళ్లి నాన్నకి చూపించాను. కళ్లజోడు సర్దుకుని చూసి, "బానే ఉందిరా, ఎంతిచ్చారు?" అన్నారు.

ఏమీ ఇవ్వలేదు. కానీ ఆ ప్రశ్నకి పూర్తి జవాబు నాకే కొన్నేళ్లకి గానీ తెలీలేదు. వేరేవాళ్ల కోడ్ చదవడం అక్కడే నేర్చుకున్నాను. నా కోడ్‌ని నలుగురిలో పెట్టి తిట్టించుకోవడం కూడా అక్కడే అలవాటైంది. సపోర్ట్‌లో ఒకాయనకి సాయం చేస్తే, ఆయన డల్లాస్‌లో ఉండే తెలుగాయనే అని తేలింది, ఆరు నెలల పని ఇచ్చారు. డిగ్రీ తప్ప వేరే కాగితం లేని నాలాంటివాడికి ఆ పేజీలో పేరే రెజ్యూమె.

బటన్ మాయమైన పొద్దున

2015లో నేనొక చిన్న ప్లగిన్ రాసి వర్డ్‌ప్రెస్ డైరెక్టరీలో పెట్టాను. పని సింపుల్: ఎడిటర్‌లో ఒక బటన్ వస్తుంది, అది నొక్కితే ఇంగ్లిష్ కీబోర్డు మీదే తెలుగు టైప్ చేయొచ్చు. మా మిర్చి కొట్టు సేట్ ధరలు తెలుగులో పెట్టుకుంటానంటే ఆయన కోసం చేశాను. నెమ్మదిగా "1,000+" యాక్టివ్ సైట్లు అని చూపించడం మొదలైంది. రిటైరైన తెలుగు మాస్టార్లు, లోకల్ న్యూస్ సైట్లు నడిపేవాళ్లు, గుడి కమిటీలు.

2018 డిసెంబర్ 6న వర్డ్‌ప్రెస్ 5.0 వచ్చింది. పాత ఎడిటర్ పోయి గూటెన్‌బర్గ్ అనే బ్లాక్ ఎడిటర్ వచ్చింది. మర్నాడు పొద్దున లేచేసరికి నా మెయిల్ నిండిపోయి ఉంది. బటన్ లేదు! పాత ఎడిటర్‌కి తగిలించిన బటన్ కొత్తదాంట్లో ఎలా వస్తుంది?

తప్పు నాదే. గూటెన్‌బర్గ్‌ని 2017 నుంచీ టెస్టింగ్‌కి ఇస్తూనే ఉన్నారు. క్లయింట్ పనుల్లో పడి నేను చూడలేదు. "క్లాసిక్ ఎడిటర్ ప్లగిన్ వేసుకోండి, పాతది వచ్చేస్తుంది" అని ఒక్కొక్కళ్లకీ జవాబు రాశాను. ఒకాయన "చేతకానప్పుడు ఎందుకు పెట్టావ్" అని ఒక్క స్టార్ ఇచ్చాడు. సంక్రాంతికి అందరూ గాలిపటాలు ఎగరేస్తుంటే నేను జావాస్క్రిప్ట్‌తో కుస్తీ పట్టి ప్లగిన్ తిరగరాశాను. ఆ మూడు వారాల్లో డబ్బులొచ్చే పని ఒక్కటీ కదల్లేదు.

ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో ఉండే మెలిక ఇదే. వాడేవాళ్లకి ఖర్చు లేదు. ఖర్చు మాత్రం ఎక్కడికీ పోదు, ఎవరో ఒకరి ఇంట్లో పడుతుంది.

600 డాలర్ల మెయిల్

2021, కరోనా సెకండ్ వేవ్. ఫంక్షన్ హాలు మూత, కోచింగ్ సెంటర్లు మూత. రావాల్సిన బకాయిలు కూడా రాలేదు. అప్పుడొచ్చింది ఒక మెయిల్: "మీ ప్లగిన్ మాకు అమ్ముతారా? 600 డాలర్లు ఇస్తాం." అప్పటి రేటులో దగ్గర దగ్గర 44 వేలు. మాకు అప్పుడది రెండు నెలల ఇల్లు గడిచే డబ్బు.

"మీరు రాసిందే కదండీ, అమ్ముకుంటే తప్పేముంది?" అంది మా ఆవిడ. న్యాయమైన ప్రశ్నే.

కొనేవాళ్లని ఒకటే అడిగాను: దీన్ని ఏం చేస్తారు? జవాబుగా ధర 800 చేశారు. ప్రశ్నకి మాత్రం జవాబు లేదు.

అప్పుడు నాకు 2017 నాటి డిస్‌ప్లే విడ్జెట్స్ గుర్తొచ్చింది. 2 లక్షల సైట్లలో ఉన్న ప్లగిన్ అది. రాసినవాళ్లు అమ్మేశారు. కొన్నవాళ్లు అప్‌డేట్ పేరుతో బ్యాక్‌డోర్ పెట్టి, ఆ సైట్లలో స్పామ్ పేజీలు చొప్పించారు. చివరికి డైరెక్టరీ నుంచే తీసేయాల్సి వచ్చింది. పైగా 2020లో వచ్చిన 5.5 నుంచి ప్లగిన్లకి ఆటో అప్‌డేట్ పెట్టుకునే వీలుంది. నేను అమ్మితే, కొన్నవాళ్లు పంపే కోడ్ రాత్రికి రాత్రి ఆ గుడి కమిటీల సైట్లలోకి వెళ్లి కూర్చుంటుంది.

"ఇది ఇల్లు అమ్మడం కాదు, అద్దెకున్నవాళ్ల తాళంచెవులు కూడా కలిపి అమ్మడం" అన్నాను. మా ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, అయితే ఆ డల్లాస్ ఆయనకి ఫోన్ చేయండి, ఏదైనా పనుందేమో" అంది. చేశాను. చిన్న పనే, కానీ ఆ నెల గడిచింది.

ఎవరికి అప్పజెప్పాలి?

అమ్మకపోతే సరిపోదు కదా, చూసుకోవాలి కూడా. నా వల్ల కావడం లేదని ఒప్పుకోవడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. దత్తతకి ఇస్తున్నామని చెప్పడానికి వర్డ్‌ప్రెస్ డైరెక్టరీలో "అడాప్ట్ మీ" అనే ట్యాగ్ ఉంది. అది తగిలించాను. రాజమండ్రిలో ఇంజనీరింగ్ చదివే ఒకమ్మాయి ముందుకొచ్చింది. ఏడాదిగా మా ప్లగిన్‌లో బగ్స్ పట్టి పంపుతున్నది తనే.

సరిగ్గా అప్పుడే, 2024 మార్చి 29న, ఎక్స్‌జెడ్ వార్త బయటపడింది. ఎన్నో లైనక్స్ సిస్టమ్స్ వాడే ఫైల్ కంప్రెషన్ టూల్ అది. ఏళ్ల తరబడి దాన్ని జీతం లేకుండా నడిపిన లస్సె కొలిన్ అలిసిపోయి ఉన్నప్పుడు, జియా టాన్ అనే పేరుతో ఒకరు సాయానికొచ్చారు. రెండేళ్లకు పైగా బుద్ధిగా ప్యాచ్‌లు పంపి, నమ్మకం సంపాదించి, చివరికి రిలీజ్‌లో బ్యాక్‌డోర్ పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్‌కి లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేమిటని అనుమానం రాకపోతే, అది ప్రపంచంలోని ఎన్నో లైనక్స్ సర్వర్లకి పాకేది.

అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. మంచి ప్యాచ్‌లు పంపడమే నమ్మకానికి రుజువు కాదని తేలిపోయింది. అలాగని ఎవరినీ రానివ్వకపోతే, అలిసిపోయేది నేనే. ఆ అమ్మాయితో ఉన్నదున్నట్టు చెప్పాను. తను నవ్వి, "నన్ను నమ్మొద్దు సార్, కోడ్ చూడండి" అంది. ఇద్దరం ఒక రూల్ పెట్టుకున్నాం. తను రాసింది నేను చూడాలి, నేను రాసింది తను చూడాలి. రెండు జతల కళ్లు పడందే రిలీజ్ లేదు. ఆ ఏడాది అక్టోబర్ నుంచి ప్లగిన్ రాసేవాళ్లకి టూ ఫ్యాక్టర్ లాగిన్ కూడా తప్పనిసరి అయింది. మంచిదే.

మీరేం చేయొచ్చు?

ఫోన్‌లో ఫ్రీ యాప్ వేసుకున్నా, సైట్‌లో ప్లగిన్ వేసుకున్నా, ముందు చివరి అప్‌డేట్ తేదీ చూడండి. అడిగినవాళ్లకి జవాబులు వస్తున్నాయో లేదో చూడండి. ఓనర్ మారాడంటే ఇంకాస్త జాగ్రత్తగా చూడండి. బగ్ కనిపిస్తే "పనిచేయట్లేదు" అని వదిలేయకుండా ఏ ఫోన్, ఏ వెర్షన్, ఏం నొక్కితే ఏమైందో రాయండి. కోడ్ రాకపోయినా ఫర్వాలేదు, తెలుగు వస్తే చాలు. వర్డ్‌ప్రెస్‌లో మెనూల దగ్గర్నుంచి ప్లగిన్ల దాకా తెలుగులోకి మార్చాల్సిన వాక్యాలు ఇంకా చాలా ఉన్నాయి. మీ పనికొచ్చే ప్రాజెక్టులో డొనేషన్ బటన్ ఉంటే నెలకి ఒక టీ ఖర్చు వేయండి.

పోయిన నెల వెర్షన్‌లో నేను రాసింది నాలుగు లైన్లే, మిగతాదంతా ఆ అమ్మాయే. తను పంపిన కోడ్‌లో ఒకచోట బ్రాకెట్ లోపల ఖాళీ వదల్లేదు. వెనక్కి పంపాను, విసుక్కోకుండా.