"మా" యను చిన్నమాట

కఠినమైన పదము కనబడినచో నిఘంటువును తెఱచి చూతుము. చిన్నమాటలను మాత్రము తెలిసినవే యని విడిచిపెట్టుదుము. కాని చిన్నమాటలు నేర్పు పాఠములును గలవు. "మా" యను ఏకాక్షర పదమును ఉదాహరణముగా గైకొందము.

తెలుగున "మా" యనునది "మేము" అను సర్వనామమునకు సంబంధించినది. "మా యిల్లు" అనినప్పుడు వినువానికి ఆ యింట పాలు లేదు. "మన యిల్లు" అనినచో వానికిని పాలు గలదు. బాలుడు తోడి విద్యార్థితో "మన బడి" యనును. పొరుగూరి బాటసారితో "మా బడి" యనును. ఈ భేదము తమిళమునను గలదు. ఇంగ్లీషునందును హిందీయందును లేదు. కావున ఇంగ్లీషునుండి తెనిగించువాడు, వినువారెవరని ప్రతి చోటను విచారింపవలెను. ప్రభు ప్రార్థనలో తండ్రిని సంబోధించునప్పుడు "మా" యందుమే కాని "మన" యనము. ఆయననుగూర్చి మనలో మనము చెప్పుకొనునప్పుడు "మన తండ్రి" యందుము.

సంస్కృతమున "మా" యనగా "వలదు" అని నిషేధము. లక్ష్మీదేవికిని అది పేరు. కొలుచుట యను అర్థముగల "మా" ధాతువు వేఱొకటి. వైద్యుడిచ్చు మాత్రయు, ఛందస్సునందలి మాత్రయు ఈ కొలతనుండి పుట్టినవే. తమిళమున "మా" మామిడిచెట్టు.

దూరదేశములకు బోయినచో వింత హెచ్చును. ఫ్రెంచివారికి "మా" యనగా స్త్రీలింగ పదములకు ముందు వచ్చు "నా", ఇటలీవారికి "కాని", హంగేరీవారికి "నేడు", ఎస్తోనియావారికి "నేను", అరబ్బీయందు "ఏమి", జపానునందు రెంటినడుమ నుండు ఎడము. చీనాభాషలో స్వరభేదమే అర్థభేదము. సమముగా హెచ్చుస్వరమున పలికిన తల్లి. స్వరము పైకెత్తిన జనపనారవంటి నారమొక్క. దించి యెత్తిన గుఱ్ఱము. తటాలున దించిన తిట్టుట!

ఇవన్నియు నొక్క తల్లి బిడ్డలా? కావు. పెదవులు మూసి తెఱచినంతనే "మా" పలుకును. ఇంత సులభమైన ధ్వనిని ఏ జాతి విడుచును? సులభాక్షరములు కొన్ని, చెప్పవలసిన భావములు అనేకము. కావున ఒకే ధ్వని పలుచోట్ల పలు పనులకు వచ్చినది. శిశువుల తొలిపలుకులనుండియే పెక్కుభాషలలో తల్లిపేరు మకారముతో ఏర్పడినదని రోమన్ యాకొబ్సన్ అను పండితుడు 1960లో ప్రకటించిన వ్యాసమున వివరించెను. అయినను ఇది తప్పని నియమము కాదు. జార్జియాదేశమున "మామా" యనగా తండ్రి, "దేదా" యనగా తల్లి!

మఱి భాషల బంధుత్వము తెలియుటెట్లు? ఒక్క మాట పోలిక చాలదు. అనేక పదములు ఒకే నియమమున మాఱుచు రావలెను. సంస్కృత "త్రి" ఇంగ్లీషున "థ్రీ". "తను" (సన్నని) "థిన్". "తృష్" (దప్పి) "థర్స్ట్". తకారమున్న చోట థకారము క్రమముగా నిలిచినది. ఇది బంధుత్వమునకు సాక్ష్యము. సంస్కృత నిషేధమగు "మా"కును గ్రీకు నిషేధమగు "మే"కును ఇట్టి చుట్టరికమే గలదు.

ఈ విచారణ మనకు పరాయిది కాదు. తెలుగున సంస్కృత పదములు విస్తారముగా నుండుటచేత తెలుగు సంస్కృతజన్య మని పలువురు నమ్మిరి. మదరాసు కలెక్టరగు ఎల్లిస్ దొర, అరువు తెచ్చుకొన్న మాటలను వేఱుపఱచి, ధాతువులను పోల్చి, తెలుగు తమిళ కన్నడములు ఒక కుటుంబమువని 1816లో కాంబెల్ తెలుగు వ్యాకరణమున నిరూపించెను. మనకు "మూడు", తమిళులకు "మూన్ఱు", కన్నడిగులకు "మూఱు", సంస్కృతమునకు "త్రి". మిషనరీయగు కాల్డ్వెల్ 1856లో ద్రావిడభాషల వ్యాకరణమును ప్రకటించి ఈ మతమును స్థిరపఱచెను. పైపోలికలనే నమ్మియుండినచో మన భాష వంశమే మనకు తెలియకుండెడిది.

విద్యార్థులారా! రెండు మాటలు ఒకే తీరున నున్నవని యెవరైన చెప్పినచో మూడు ప్రశ్నలు వేయుడు: అర్థము కుదిరినదా? తక్కిన మాటలును అదే నియమమున నడచుచున్నవా? ఒక భాష వేఱొక భాషనుండి అరువు తెచ్చుకొనలేదు గదా? ఈ మూటికిని సమాధానము దొరకువఱకు తీర్పు చెప్పకుండుటయే నిజమైన పాండిత్యమునకు మొదటిమెట్టు.