ఈ మందు, ఈ మిషను మంచిదని డాక్టరుకు ఎలా తెలుస్తుంది?



ఇంట్లో ఒకరు మంచం పట్టితే సలహాలు చెప్పేవారు చాలామంది వస్తారు. "ఫలానా పొడి తింటే షుగరు పోతుందట", "ఈ మిషను పెట్టుకుంటే మోకాళ్ల నొప్పులు ఉండవట" అంటారు. ఆశకొద్దీ కొందరు అప్పు చేసి కొంటారు. కొందరు డాక్టరు వ్రాసిన మాత్రలు మానేస్తారు. ఏది నమ్మాలో తేల్చుకోవడానికి వైద్యరంగంలో ఒక పద్ధతి ఉంది. దానిని మీరూ తెలుసుకోండి.

వైద్య పత్రిక అంటే ఏమిటి?

కొత్త మందునో, టీకానో, పరికరాన్నో పరీక్షించిన డాక్టర్లు తాము ఏం చేశారో, ఎంతమందికి చేశారో, ఏం కనిపించిందో వివరంగా వ్రాసి వైద్య పత్రికకు పంపుతారు. 1913లో మొదలైన ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ అటువంటి పత్రికే. వ్యాసం అచ్చు వేసే ముందు అదే విషయం బాగా తెలిసిన ఇతర నిపుణులకు చూపిస్తారు. దీనిని 'పీర్ రివ్యూ' అంటారు, అంటే సాటివారి పరిశీలన.

పరిశీలన ఎలా జరుగుతుంది?

1. ముందు సంపాదకుడు చదువుతారు. పనికిరానివి అక్కడే తిరిగిపోతాయి.

2. మిగిలినవాటిని సాధారణంగా ఇద్దరు ముగ్గురు నిపుణులకు పంపుతారు. వారు మొహమాటం లేకుండా చెప్పాలని చాలా పత్రికలు వారి పేర్లను బయటపెట్టవు.

3. ఆ నిపుణులు ప్రశ్నలు వేస్తారు. ఎంతమందిపై పరీక్షించారు? దేనితో పోల్చారు? మధ్యలో మానేసినవారిని లెక్కలో చూపారా? రోగుల సమ్మతి తీసుకున్నారా? డబ్బు ఇచ్చింది ఆ వస్తువు అమ్మే కంపెనీయేనా?

4. వారి అభిప్రాయాలు చూసి సంపాదకుడు వ్యాసాన్ని తీసుకుంటారు, దిద్ది పంపమంటారు, లేదా త్రిప్పి పంపుతారు. దీనికి నెలలు పట్టడం మామూలే.

ఎవరిపై పరీక్షించారన్నది కూడా ముఖ్యమే. కరోనా రోజుల్లో మనం వేలికి పెట్టుకున్న ఆక్సిజన్ మిషను మీకు గుర్తుండే ఉంటుంది. 2020లో అమెరికా డాక్టర్లు దానిని రక్తపరీక్షతో పోల్చి చూశారు. ఆక్సిజన్ నిజంగా తగ్గినా మిషను బాగున్నట్టు చూపడం తెల్లవారిలో కంటే నల్లజాతివారిలో దాదాపు మూడు రెట్లు ఎక్కువని తేలింది.

అచ్చయినదంతా నిజమేనా?

కాదు. అచ్చయిన తరువాత కూడా ఇతరులు మళ్లీ పరీక్షించాలి. దీనికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో మిషన్ క్షయ ఆసుపత్రి డాక్టరు జొహాన్నెస్ ఫ్రిమాట్ మోలర్, ఆయన తోటివారు 1950 నుండి చుట్టుపక్కల పల్లెల్లో బి.సి.జి. టీకాను పరీక్షించారు. టీకా వేసుకున్నవారిలో క్షయ తక్కువగా కనిపించిందని 1964లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రకటించారు. అయినా పరిశోధకులు అంతటితో ఆగలేదు. 1968 నుండి తమిళనాడులోని చెంగల్పట్టు ప్రాంతంలో సుమారు 2,60,000 మందితో మరింత పెద్ద పరీక్ష జరిగింది. పెద్దవారికి వచ్చే ఊపిరితిత్తుల క్షయను ఈ టీకా ఆపలేదని 1979లో తేలింది. పసిపిల్లలను మెదడు క్షయ వంటి ప్రమాదకరమైన రకాల నుండి కాపాడుతుంది గనుక పుట్టగానే ఇప్పటికీ వేస్తున్నాం.

ఒక్కోసారి తప్పుడు వ్యాసం కూడా పరిశీలన దాటిపోతుంది. తట్టు వంటి జబ్బులకు వేసే ఎం.ఎం.ఆర్. టీకాకు, ఆటిజానికి సంబంధం ఉందేమోనని 1998లో ఇంగ్లండులోని లాన్సెట్ పత్రిక ఒక వ్యాసం వేసింది. అందులో ఉన్నది 12 మంది పిల్లలే. 2010లో ఆ పత్రికే దానిని రద్దు చేసింది. ఈలోగా ఎందరో తల్లులు భయపడి పిల్లలకు టీకా వేయించలేదు.

మీరు ఏం చేయాలి?

* కొత్త మందు గురించి వింటే, దానిని ఎంతమందిపై, ఎవరు పరీక్షించారని అడగండి. "మా బంధువుకు తగ్గింది" అన్న ఒక్క మాట చాలదు.
* అన్ని జబ్బులకూ ఒకే మందు అంటే అనుమానించండి.
* డాక్టరును అడగకుండా వాడుతున్న మాత్రలు మానవద్దు. ముఖ్యంగా క్షయ, షుగరు, బి.పి., మూర్ఛ మందులు.
* ఆ కరపత్రాన్ని గానీ, డబ్బాను గానీ ఆసుపత్రికి తీసుకొని రండి. అడిగినందుకు మిమ్మల్ని ఎవరూ కోప్పడరు.

అన్నిటినీ పరీక్షించి మంచిదానిని పట్టుకోవాలని పౌలు భక్తుడు థెస్సలొనీక సంఘానికి బోధించాడు. మీవారి ప్రాణం విషయంలోనూ ఆ జాగ్రత్త అవసరం.