హాల్ కట్టిండ్రు సరే, తాళంచెవి ఎవలి దగ్గరున్నది?

మా దిక్కు ఒక ఊర్ల కూలోళ్ల ఇంట్ల ఆడిపిల్ల పెండ్లి. ఊరి నడుమ కమ్యూనిటీ హాల్ ఉన్నది. తాళంచెవి ఉన్న పెద్దమనిషి 'సూద్దాం, సూద్దాం' అనుకుంట రోజులు గడిపిండు. ఆఖరికి వానల రోడ్డు మీద టెంటేసి పెండ్లి జేసిండ్రు. హాల్ మీద మాత్రం నాయకుని పేరుతోని శిలాఫలకం మెరుస్తనే ఉన్నది.

ఆ పేరు చూసి ఆయనే ఇచ్చిండనుకుంటం. అసలు లెక్క వేరే. ఎంపీ నిధుల పథకం 1993ల మొదలైంది. ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు. కానీ ఆ పైసలు ఆయన చేతికి రావు. ఫలానా ఊర్ల ఫలానా పని కావాలని ఆయన సిఫారసు చేస్తడు, అంతే. మంజూరు చేసేది, పని చేయించేది జిల్లా యంత్రాంగం. ఆ పైసలు ఎక్కడియి? సబ్బు కొన్నా, అగ్గిపెట్టె కొన్నా మనం కట్టే పన్నులయే. అందుల 15 శాతం ఎస్సీలుండే ప్రాంతాలకు, 7.5 శాతం ఎస్టీలుండే ప్రాంతాలకు పెట్టాలని నిబంధన ఉన్నది.

ఇంకో ముచ్చట. కట్టినంక హాల్‌ను ఎవలు నడుపుతరు, ఎవలు చూసుకుంటరు అన్నది మంజూరుకు ముందే రాసియ్యాలె. మనం అడగాల్సిన జాగ ఇదే.

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలె. హాల్ మాట రాంగనే మూడు ప్రశ్నలు అడుగుండ్రి. స్థలం ఎవలిది, అన్ని వాడలోళ్లు బెరుకు లేకుంట వచ్చే జాగనేనా? తాళంచెవి ఎవలి దగ్గరుంటది, కిరాయి ఎంత? కరెంటు బిల్లు, మరమ్మతు ఎవలు చూస్తరు? జవాబులు తీర్మానంల రాయించుండ్రి. నోటిమాట నిలవది.

ఇప్పటికే కట్టిన హాల్ అయితే సమాచార హక్కు చట్టం 2005 ఉన్నది. ఎన్ని పైసలు మంజూరైనయ్, ఎంత ఖర్చయింది, ఎవలకు అప్పజెప్పిండ్రు అని రాసియ్యుండ్రి. 30 రోజుల్ల జవాబియ్యాలె.

తలుపు తెరిస్తే అదే హాల్ పొద్దుగాల పరీక్షలకు చదువుకునే పోరగాండ్లకు, మాపటికి మహిళా సంఘానికి, ముహూర్తమొస్తే పేదింటి పెండ్లికి పనికొస్తది. మూసి ఉంటే నాలుగు గోడలు, ఒక పేరు. అడుగుడు మన పని తమ్మీ, చెల్లే. వచ్చే గ్రామసభకు పోయి మొదలువెట్టుండ్రి.