కార్తె తప్పిన ప్రాణులు

మృగశిర వచ్చినా వాన పడకపోతే రైతు విత్తడు; ఆకాశం చూసి నాలుగు రోజులు ఆగుతాడు. సూర్యుడి నడకను బట్టి లెక్కగట్టే కార్తెకూ, నిజంగా కురిసే వానకూ పొంతన కుదరనప్పుడు సర్దుకునే వెసులుబాటు అతనికుంది. అది అంతగా లేని రెండు అడవి ప్రాణులను పోల్చి చూద్దాం. ఒకటి ఉత్తర అమెరికాలోని స్నోషూ కుందేలు. రెండవది ఐరోపా ఓక్ అడవుల్లో పాడే పైడ్ ఫ్లైక్యాచర్ పిట్ట.

ఈ కుందేలు వేసవిలో గోధుమరంగులో, చలికాలంలో తెల్లగా ఉంటుంది. రంగు మారడం ఎప్పుడు మొదలవాలో నిర్ణయించేది ప్రధానంగా పగటి నిడివి. పగలు కురచనయ్యే కొద్దీ శరీరంలో మెలటోనిన్ స్రావం మారుతుంది; కొత్త వెంట్రుకలు తెల్లగా మొలుస్తాయి. మంచు ఆలస్యమైతే, ఎండుటాకుల మీద తెల్లని కుందేలు శత్రువుకు ఇట్టే కనబడిపోతుంది. మొంటానాలో కుందేళ్ళకు రేడియో పట్టీలు కట్టి గమనించిన శాస్త్రజ్ఞులు, నేలతో రంగు కలవని వాటికి వారం రోజులు బతికే అవకాశం 7 శాతం దాకా తగ్గుతోందని 2016లో తెలిపారు.

పన్నెండు గ్రాముల ఫ్లైక్యాచర్‌కు ఇదే చిక్కు మరో రూపంలో ఎదురైంది. ఇది చలికాలం పశ్చిమ ఆఫ్రికాలో గడుపుతుంది. తిరుగు ప్రయాణానికి దీన్ని సిద్ధం చేసేదీ పగటి నిడివే. నెదర్లాండ్స్‌లో వసంతం త్వరపడి, పిల్లలకు మేతయ్యే గొంగళిపురుగులు మునుపటికన్నా ముందే పెరుగుతున్నాయి. ఆ కబురు ఆఫ్రికాకు చేరదు. 1980-2000 మధ్య ఈ పక్షులు గూటికి చేరాక త్వరగా గుడ్లు పెట్టడం నేర్చాయి గాని, చేరుకునే తేదీ మాత్రం మారలేదని 2001లో వెలువడిన పరిశోధన చూపింది. పురుగులు మరీ త్వరగా వచ్చే అడవుల్లో రెండు దశాబ్దాలలో వీటి సంఖ్య సుమారు 90 శాతం పడిపోయిందని 2006లో తేలింది.

చిక్కు ఒకటే అయినా, బయటపడే దారులు వేరు. మంచు తక్కువగా పడే పసిఫిక్ తీరంలో కొన్ని స్నోషూ కుందేళ్ళు చలికాలంలోనూ గోధుమరంగులోనే ఉంటాయి. అందుకు కారణమైన అగూటి జన్యురూపం పూర్వం నల్లతోక కుందేలుతో జరిగిన సంకరం వల్ల వచ్చిందని 2018లో గుర్తించారు. రెండు రంగులూ కలిసివుండే ప్రాంతాల నుంచి ఈ గుణం ఇతరచోట్లకు వ్యాపించే వీలుంది. పిట్టకు రెక్కలే ఆసరా. డచ్ పక్షులను వసంతం ఆలస్యంగా వచ్చే దక్షిణ స్వీడన్‌కు తరలిస్తే, అవి స్థానిక పక్షులకన్నా ముందే గూడుకట్టి మెరుగ్గా సంతానం పొందాయని 2023లో వెల్లడైంది.

కాబట్టి జంతువుల సంఖ్యను కాపాడితే చాలదు. కుందేళ్ళలో ఆ రంగుల వైవిధ్యమూ, పిట్టలు ఉత్తరానికి జరిగేందుకు వరుసగా అడవులూ మిగలాలి.