భూగర్భ మెట్రో స్టేషన్ లోపల ఏముంటుంది? కథంతా మెట్ల దగ్గరే

దామరచర్ల నుంచి మళ్లీ మీ ముందుకొచ్చాను. ఈ ఎపిసోడ్‌లో మనం నేల కిందికి దిగుదాం. భూమి లోపల మెట్రో స్టేషన్‌ను ఎలా అమరుస్తారు, ఏ అంతస్తులో ఏముంటుంది, అది అక్కడే ఎందుకు ఉంటుంది, ఇదీ ఇవాళ్టి విషయం.

ముందు ఒక మాట తేల్చుకుందాం. మన దగ్గర సబ్‌వే అంటే పట్టాల కింద నుంచో, రోడ్డు కింద నుంచో మనుషులు నడిచి దాటే దారి. అమెరికాలో సబ్‌వే అంటే భూగర్భ రైలు. నేను మాట్లాడేది ఈ రెండోదాని గురించి. "హైదరాబాద్ మెట్రో చూశాం కదా, అదేగా" అంటారేమో. కాదండీ. 2017 నవంబరులో మొదలైన ఆ మెట్రో మొదటి దశలో సుమారు 69 కిలోమీటర్లూ స్తంభాల మీదే. భూగర్భ స్టేషన్ ఒక్కటి కూడా లేదు. దీని వెనక పెద్ద లెక్క ఖర్చుది. నేల మీద ఒక రూపాయి అయ్యే పని స్తంభాల మీద రెండు, రెండున్నర అవుతుందని, భూగర్భంలో నాలుగైదు అవుతుందని ఇంజనీర్లు మోటుగా చెప్తారు. పైగా హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్ రాయి.

మరి మనవాళ్లకు దగ్గర్లో అలాంటి స్టేషన్ ఎక్కడుంది? చెన్నై సెంట్రల్‌లో ఉంది. చెన్నైకి మన మిర్యాలగూడ మీదుగానే రైలుంది. సెంట్రల్ రైల్వే స్టేషన్ పక్కనే నేల కింద మెట్రో స్టేషన్ ఉంటుంది. 2018 మే 25న అక్కడికి ఒక లైను వచ్చింది, 2019 ఫిబ్రవరి 10న రెండోది కలిసింది. రెండు లైన్ల ప్లాట్‌ఫారాలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. దాన్ని మనసులో పెట్టుకుని ఒక్కో అంతస్తూ దిగుదాం.

రోడ్డు మీద కనిపించేది ద్వారం మాత్రమే. మెట్లు దిగితే ముందు వచ్చేది కాన్‌కోర్స్, అంటే టికెట్ హాలు. టికెట్ కౌంటర్లు, సామాను తనిఖీ, కార్డు చూపిస్తే తెరుచుకునే గేట్లు ఇక్కడే. గేటు ఇవతల ఎవరైనా తిరగొచ్చు, అవతలికి టికెట్ ఉన్నవాళ్లే. ఈ హాలు మధ్యలో ఎందుకు? నేరుగా ప్లాట్‌ఫారానికే దిగితే సరిపోదా? సరిపోదు. రైలు సాధారణంగా రోడ్డు కిందే పోతుంది, మనుషులు రోడ్డుకు రెండు వైపుల నుంచీ వస్తారు. వాళ్లందర్నీ ఒకచోట కలిపి, టికెట్ చూసి, కిందికి పంపడానికి మధ్యలో ఒక అంతస్తు కావాలి. చెన్నై సెంట్రల్‌లో రైల్వే స్టేషన్, ఎదురుగా ఉన్న లోకల్ రైళ్ల పార్క్ స్టేషన్, రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రి, ఇవన్నీ నేల కింది దారులతో కలుస్తాయి. ఆసుపత్రికి పోయే ముసలివాళ్లు ఆ రద్దీ రోడ్డు దాటక్కర్లేదన్నమాట.

ఇంకో అంతస్తు దిగితే ప్లాట్‌ఫారం. ఇక్కడ ఒక తేడా గమనించండి. హైదరాబాద్ మెట్రోలో ఎక్కువ స్టేషన్లలో పట్టాలు మధ్యలో, ప్లాట్‌ఫారాలు రెండు పక్కలా ఉంటాయి. భూగర్భంలో చాలాచోట్ల తిరగబడుతుంది. ప్లాట్‌ఫారం మధ్యలో, పట్టాలు చెరో పక్కన. ఎందుకంటే సొరంగాలు తొలిచే యంత్రం పోనూ ఒకటి, రానూ ఒకటి విడివిడిగా తొలుస్తుంది. రెండింటికీ మధ్య మట్టి వదలాలి. స్టేషన్ దగ్గరికొచ్చేసరికి ఆ మధ్య జాగానే ప్లాట్‌ఫారం అవుతుంది. పైగా రెండు వైపుల ప్రయాణికులకూ ఒకే వరుస మెట్లు సరిపోతాయి.

పొడవు సంగతి చూస్తే, ఒక్కో బోగీ సుమారు 22 మీటర్లు. ఆరు బోగీలకు 130 మీటర్లు దాటుతుంది. కానీ స్టేషన్ కోసం తవ్వే గుంత 200 మీటర్లకు పైనే ఉంటుంది. మిగతా జాగా ఏమైనట్టు? రెండు చివర్లా తాళం వేసిన తలుపులుంటాయి, వాటి వెనక ఉంటుంది. పెద్ద పెద్ద ఫ్యాన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, నీళ్లు తోడే పంపులు, బ్యాటరీలు అన్నీ అక్కడే. మనకు కనిపించని ఆ భాగమే స్టేషన్‌కు గుండె, ఊపిరితిత్తులు.

దీన్ని కట్టే పద్ధతి మన బావి తవ్వకానికి తిరగేసినట్టుంటుంది. మనం తవ్వుకుంటూ పోయి ఒరలు దించుతాం. నగరంలో అట్లా నోరు తెరిచి ఏళ్లకేళ్లు వదిలేస్తే పక్క భవనాలు కూలుతాయి, రోడ్డు మూతపడుతుంది. అందుకని ముందు చుట్టూ లోతుగా సన్నటి కందకం తవ్వి, కాంక్రీటు గోడలు పోస్తారు. దాన్ని డయాఫ్రమ్ వాల్ అంటారు. తర్వాత పైకప్పు వేస్తారు. కప్పు మీద రోడ్డు తెరిచేసి, దాని కింద మట్టి తీస్తూ ఒక్కో అంతస్తూ దిగుతారు. ఇంటికి ముందు కప్పు, చివర పునాది అన్నమాట! ఇంకో చిక్కు భూగర్భ జలం. ఖాళీ బిందెను చెరువులో ముంచి చూడండి, పైకి తన్నుతుంది. నీళ్లున్న నేలలో స్టేషన్ కూడా ఖాళీ బిందెలాంటిదే. అది పైకి లేవకుండా బరువైన అడుగు, మందపాటి గోడలు కావాలి.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఇల్లు గానీ, ఆఫీసు గానీ, అమీర్‌పేట మెట్రో స్టేషన్ గానీ తీసుకోండి. నిప్పు అంటుకుంటే పొగ పైకి పోతుంది, మనుషులు కిందికి దిగుతారు. దారులు వేరు. భూగర్భంలో అట్లా కాదు. మనిషి పైకే రావాలి, పొగా పైకే వస్తుంది, ఇద్దరికీ మెట్లే దారి. మెట్లెక్కే మనిషి కంటే పొగ వేగంగా ఎక్కుతుంది. వానొస్తే నీళ్లు దిగేదీ ఆ మెట్ల మీదుగానే. మనిషి, పొగ, నీళ్లు, ఈ మూడింటి దారులూ విడదీయడమే భూగర్భ స్టేషన్ డిజైన్ అని నా అభిప్రాయం. అద్దాలు, లైట్లు, బొమ్మలు అన్నీ దాని తర్వాతే.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. 1987 నవంబరు 18న లండన్‌లోని కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో చెక్క ఎస్కలేటర్ కింద పేరుకున్న చెత్తకు నిప్పంటుకుంది. ఆ ఏటవాలు దారే మంటకు పొయ్యి గొట్టం అయింది. మంట ఒక్కసారిగా టికెట్ హాల్లోకి తన్నింది. 31 మంది పోయారు. 2003 ఫిబ్రవరి 18న దక్షిణ కొరియాలోని డేగు నగరంలో ఒకడు రైల్లో నిప్పు పెట్టాడు. ఎదురుగా ఇంకో రైలు అదే స్టేషన్‌లోకి వచ్చి ఆగింది. దాని డ్రైవరు తాళం చెవి తీసుకుని వెళ్లిపోవడంతో తలుపులు మూసుకుపోయాయి. మొత్తం 192 మంది చనిపోయారు, ఎక్కువ మంది ఆ రెండో రైల్లో వాళ్లే.

ఇలాంటివి చూశాకే నియమాలు గట్టిపడ్డాయి. చాలా దేశాల్లో వాడే ఎన్‌ఎఫ్‌పీఏ 130 అనే ప్రమాణం ప్రకారం, ప్లాట్‌ఫారం 4 నిమిషాల్లో ఖాళీ కావాలి, ఎంత దూరాన ఉన్న మనిషైనా 6 నిమిషాల్లో సురక్షితమైన చోటికి చేరాలి. మనమూ ఒక లెక్క వేద్దాం. నిండు రైల్లో 1,200 మంది, ప్లాట్‌ఫారం మీద 300 మంది ఉన్నారనుకుందాం. 2 మీటర్ల వెడల్పు మెట్ల మీద నిమిషానికి సుమారు 110 మంది ఎక్కగలరు. 4 నిమిషాలకు 440 మంది. 1,500 మందికి అలాంటివి నాలుగు కావాలి. ఎస్కలేటర్లనూ లెక్కలోకి తీసుకుంటారు, కానీ ఒకటి చెడిపోయి ఉందనుకునే లెక్క వేయాలి. అందుకే ప్లాట్‌ఫారం నిండా అన్ని మెట్లు కనిపిస్తాయి. అది జాగా వృథా కాదండీ, ప్రాణాల లెక్క.

పొగ సంగతి ఆ చివరి గదుల్లోని ఫ్యాన్లు చూసుకుంటాయి. పాత బావిలో దిగే ముందు మన పెద్దలు దీపం దించి చూసేవాళ్లు, లోపల గాలి ఉందో లేదో అని. లోతున్న చోట గాలి దానంతటది ఆడదు, ఆడించాలి. సొరంగంలో నిప్పు పుడితే ఒక స్టేషన్ ఫ్యాన్లు గాలిని లోపలికి తోస్తాయి, అవతలి స్టేషన్ ఫ్యాన్లు పొగను లాగి బయటికి పంపుతాయి. జనాన్ని గాలి వచ్చే వైపు నడిపిస్తారు. 250 డిగ్రీల వేడి పొగలో కూడా తిరిగేలా ఆ ఫ్యాన్లను చేస్తారు. మరి కరెంటు పోతే? మన వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి ప్లాంటు ఉన్నా మనకూ కరెంటు పోవడం తెలుసు కదా. అందుకే స్టేషన్‌కు ఒకటికి మించిన సరఫరా, జనరేటర్, దారి చూపే లైట్లకు బ్యాటరీ ఉంటాయి.

చెన్నై భూగర్భ స్టేషన్లలో పట్టాల అంచున అద్దాల తలుపులుంటాయి. రైలు వచ్చి ఆగాకే తెరుచుకుంటాయి. మనుషులు పట్టాల మీద పడకుండా ఆపుతాయి, ఏసీ చల్లదనం సొరంగంలోకి పోనివ్వవు.

ఇక నీళ్లు. మన పల్లెల్లో రైల్వే గేట్లు తీసేసి కట్టిన అండర్‌పాస్‌లు వానకు ఎట్లా నిండుతాయో మీకు చెప్పక్కర్లేదు. చెన్నైలో మెట్రో ద్వారం దగ్గర ముందు కొన్ని మెట్లు ఎక్కి, తర్వాత దిగాల్సి వస్తుంది. విసుగు పుట్టినా, వరద నీళ్లను గడప దగ్గరే ఆపే ఉపాయం అది. 2001 సెప్టెంబరులో నారి తుపాను నీళ్లు తైపీ నగర మెట్రోలోకి దిగాయి. 2021 జులై 20న చైనాలోని జెంగ్‌జౌలో సొరంగంలోకి వరద దూసుకొచ్చి, రైల్లో చిక్కుకున్న వాళ్లలో 14 మంది చనిపోయారు. గడప ఎత్తు ఎంత అనేది చిన్న ప్రశ్నేం కాదు.

ఇదంతా మనకెందుకంటారా? హైదరాబాద్ మెట్రో రెండో దశ ప్రతిపాదనలో శంషాబాద్ విమానాశ్రయం దగ్గర 1.6 కిలోమీటర్లు భూగర్భంలో ఉంది, స్టేషన్ కూడా నేల కిందే. రేపు గల్ఫ్‌కో, అమెరికాకో పోయే మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పిల్లల్ని సాగనంపడానికి మనమూ అందులో దిగొచ్చు. పర్యావరణం, ఖర్చు, టికెట్ ధర, అన్నీ అడుగుదాం. వాటితో పాటు అడగాల్సిన ప్రశ్న, "ఎన్ని నిమిషాల్లో బయటికి రాగలం?"

చివరగా మూడు మాటలు. దిగగానే రెండు బయటి దారులు చూసి పెట్టుకోండి, ఒకటి మూసుకుపోవచ్చు. ఎస్కలేటర్ దిగిన చోట ఫోన్ చూస్తూ నిలబడకండి, వెనక వచ్చేవాళ్లు మీద పడతారు. పొగ కనిపిస్తే లిఫ్టు జోలికి పోకండి, మెట్లు పట్టుకోండి, సిబ్బంది చెప్పిన వైపే నడవండి. ఈ ఎపిసోడ్‌పై మీ ప్రశ్నలు రాయండి, తప్పకుండా చదువుతాను.