లెక్కకు రాని ఎదురుచూపు

2016 జులై 22న చెన్నై సమీపంలోని తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరిన వైమానిక దళ విమానం ఏఎన్-32 బంగాళాఖాతం మీద అదృశ్యమైంది. అందులోని 29 మందిలో ఎనిమిది మంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. నౌకలు, విమానాలు గాలించినా జాడ దొరకలేదు. వారు మరణించినట్లుగానే భావించాలని ఆ ఏడాదే కుటుంబాలకు తెలియజేశారు. 2024 జనవరిలో, ఏడున్నరేళ్ల తరువాత, చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున ఆ విమానానివిగా భావిస్తున్న శకలాలు కనిపించాయని రక్షణ శాఖ ప్రకటించింది. ఆ కుటుంబాల దుఃఖానికి అది పూర్తి సమాధానం కాదు. కానీ సమాధానం చెప్పవలసిన బాధ్యత తనదేనని రాజ్యం ఒప్పుకున్నది.

విమానం అదృశ్యమైన నాటికి పాడేరు కూడా విశాఖ జిల్లాలోనిదే. ఒకే జిల్లాలో సముద్రం వైపు ఎదురుచూపు ఒక తీరు, కొండ వైపు ఎదురుచూపు మరొక తీరు. నేను మాట్లాడదలచింది ఈ తేడా గురించే.

విమానం ఎక్కినవారి పేర్లు జాబితాలో ఉన్నాయి. ఎవరిని వెతకాలో మొదటి రోజే తెలుసు. కూలికో, ఇటుక బట్టీకో, నగరంలో ఇంటిపనికో కొండ దిగిన ఆదివాసీ పేరు సాధారణంగా ఏ జాబితాలోనూ ఉండదు. తీసుకెళ్లిన మేస్త్రీ ఫోన్ నంబరు మారితే ఆచూకీకి ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది. రోడ్డు లేని గూడెం నుంచి పోలీసు స్టేషన్‌కు వెళ్లడమంటే ఒక రోజు కూలి పోగొట్టుకోవడం. అందుకే ఆ కుటుంబం ముందు సంతలో అడుగుతుంది, చుట్టాల ఊళ్లలో వాకబు చేస్తుంది. స్టేషన్ గడప తొక్కేసరికి వారాలు గడిచిపోతాయి.

చట్టాలు లేక కాదు. తప్పిపోయిన పిల్లల విషయంలో ప్రతి ఫిర్యాదునూ ఎఫ్‌ఐఆర్‌గా నమోదు చేసి, అపహరణ లేదా అక్రమ రవాణాగానే భావించి దర్యాప్తు చేయాలని సుప్రీంకోర్టు 2013 మేలో ఆదేశించింది. పెద్దల విషయంలో అటువంటి భావన లేదు; ‘తనంతట తానే వెళ్లిపోయి ఉంటాడు’ అన్న ఊహ ముందుకొస్తుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉన్నది గానీ, మనిషి కనబడకపోవడం దానంతటది నేరం కాదు. నిందితుడెవరో తెలియకుండా ఆ చట్టం వర్తిస్తుందో లేదో తేలదు. నిందితుణ్ణి కనిపెట్టాలంటే దర్యాప్తు జరగాలి. ఆదివాసీ కుటుంబం ఈ రెంటి మధ్యే ఇరుక్కుపోతుంది.

ఏడేళ్లుగా ఆచూకీ తెలియని మనిషి బతికే ఉన్నాడని చెప్పేవారే దాన్ని రుజువు చేయాలన్నది పాత సాక్ష్య చట్టంలోని 108వ సెక్షన్. కొత్త చట్టంలో అది 111. కానీ ఫిర్యాదే నమోదు కాకపోతే ఆ ఏడేళ్లను ఏ తేదీ నుంచి లెక్కించాలి? అంతవరకూ భార్యకు మరణ ధ్రువపత్రం లేదు, వితంతు పింఛను లేదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టా వారసులకు సంక్రమిస్తుంది. మరణం తేలనిదే వారసత్వం మొదలుకాదు. ఆమె భార్యగానూ వితంతువుగానూ ఏ రికార్డులోనూ నిలబడదు.

2019 నుంచి 2021 వరకు దేశంలో 13.13 లక్షల మంది మహిళలు, బాలికలు కనబడకుండా పోయారని కేంద్రం 2023లో పార్లమెంటుకు తెలిపింది. ఆంధ్రప్రదేశ్ సంఖ్యపై రాజకీయ దుమారం రేగింది. వారిలో ఆదివాసీలెందరు, దళితులెందరు అన్న ప్రశ్న మాత్రం వినబడలేదు. ఆ లెక్కలు వయసునూ లింగాన్నీ చెబుతాయి, కులాన్నీ తెగనూ చెప్పవు. ఎస్సీ, ఎస్టీలపై నేరాలకు ప్రత్యేక అధ్యాయం ఉన్న జాతీయ నేర గణాంకాలలోనే ఈ ఖాళీ ఉన్నది. లెక్కలో లేనివారి కోసం ఏ ప్రభుత్వమూ ప్రణాళిక వేయదు.

తొలినాటి నిర్లక్ష్యం ఏం చేస్తుందో ఈ కొండలకు తెలుసు. 2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలం వాకపల్లిలో గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది ఆదివాసీ మహిళలు ఫిర్యాదు చేశారు. పదిహేనేళ్లు దాటాక, 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులను నిర్దోషులుగా విడుదల చేసింది. అదే తీర్పులో దర్యాప్తు వైఫల్యాన్ని ఎత్తిచూపి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలన్నది. మొదటి రోజుల్లో సేకరించని సాక్ష్యాన్ని ఏ న్యాయస్థానమూ తిరిగి సృష్టించలేదు.

పాడేరు కేంద్రంగా 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. కలెక్టరూ ఎస్పీ కొండ మీదికే వచ్చారు. ఇక దూరాన్ని సాకుగా చెప్పే వీలు లేదు. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలనీ, దాని ప్రతిని ఉచితంగా ఇవ్వాలనీ, 90 రోజుల్లోగా దర్యాప్తు పురోగతిని తెలపాలనీ కొత్త నేర ప్రక్రియ చట్టమే చెబుతున్నది. ఈ మూడింటినీ ఏజెన్సీలో తప్పనిసరిగా పాటించాలి. ప్రతి అదృశ్యం కేసులో తెగ వివరం రాయాలి. పెసా గ్రామసభలు వలస వెళ్లేవారి పేరు, తీసుకెళ్లినవారి పేరు, వెళ్లిన చోటు నమోదు చేయాలి. ఐటీడీఏ, పోలీసు శాఖ కలిసి ఆ కేసులను నెలనెలా సమీక్షించాలి.

వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కరలేదు, పెద్ద నిధులూ అక్కరలేదు. ఆదివాసీ ఇంటి నుంచి ఒక మనిషి తగ్గితే అది దేశానికి జరిగిన లోటేనని ఒప్పుకుంటే చాలు. ఆ ఒప్పుకోలుకు మొదటి రుజువు స్టేషన్ రిజిస్టరులో రాసే పేరూ తేదీ.